ఈ చప్పుడు ఎవరిది?

చెవిలో పడిన ప్రతి చప్పుడుకూ ఒక యజమాని ఉంటాడని విజయరంగన్ మామ నమ్మకం. ఆ యజమానిని పట్టుకుని, కాగితం మీద అనుమతి తీసుకుంటేగాని ఆయనకు అన్నం దిగదు.

అరవనాట సారం అనే మా పేటలో ఆయనకు పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే చిన్న గది ఉండేది. 2006 నాటి మాట. ఊళ్లో మిగతా వీడియోవాళ్లంతా పెళ్లికూతురు మెట్టెక్కితే ఒక సినిమా పాట, దిగితే ఇంకో సినిమా పాట వేసేవాళ్లు. "ఆ పాట మీ నాయన కట్టినాడా? సుమ్మా, ఊరికే ఎత్తుకొచ్చి వేసేస్తే దొంగతనం గాదా?" అని మామ వాళ్లమీద పడేవాడు. హక్కుల గొడవ లేని సంగీతం సీడీలు మద్రాసులో దొరికేవి గానీ, వాటి ధర వింటే పెళ్లివాళ్లు పెళ్లే వాయిదా వేసుకునేవాళ్లు. ఇంటర్నెట్‌లో అయితే డాలర్లు అడిగేవాళ్లు.

అందుకని మామ మెడలో రికార్డరు, చొక్కా జేబులో ఇంకు ప్యాడు పెట్టుకుని సైకిలెక్కేవాడు. నాదస్వరం సాధన చేసేవాళ్ల గుమ్మంలో, ఎడ్ల మెడగంటల పక్కన, ఎక్కడ మంచి చప్పుడు వినిపిస్తే అక్కడ దిగిపోయేవాడు. ఆయన తెల్లచొక్కాలన్నిటికీ గుండె మీద నీలిమచ్చే. ఇంట్లో కూడా ఇదే వరస.

"పోపు చిటపటలు బాగుండాయే, ఇట్ల వచ్చి వేలు పెట్టు," అన్నాడు ఒకరోజు భార్య రంగమ్మాళ్ అత్తతో.

"నా వంటింట్లో నా పోపుకి నేను వేలిముద్ర వేయాలా?"

"నీదని రాయాల గదా."

"నాది గాక పక్కింటిదా?"

అయినా వేసింది. వేయకపోతే పోపు మాడేదాకా కదలడని ఆమెకు తెలుసు. పక్కకొట్టు టైలరు ధనపాల్ మధ్యాహ్నపు గురకను రికార్డు చేసుకున్నరోజు మామ రెండు గంటలు అక్కడే కూర్చున్నాడు. నిద్రలో వేయించుకున్న ముద్ర చెల్లదట!

ఆ కాగితాలన్నీ తెలుగు లిపిలో ఉండేవి. మా ఇళ్లలో మాట్లాడేది తెలుగే, చదివింది మాత్రం అరవం. తెలుగు అక్షరాలు తెలిసినవాళ్లం కొద్దిమందిమి. మామ నలభై ఏళ్లు దాటాక సొంతంగా నేర్చుకున్నాడు, ఆ గర్వం ఆయనకు బాగా ఉండేది. "ఏం రాసినావు మామా?" అని ఎవరన్నా అడిగితే, "నీకు మంచిదేలే," అనేవాడు. అందరూ వేలు పెట్టేసేవాళ్లు.

నేనూ అంతే. మా ఆడవాళ్ల సంఘం ఊరేగింపులో నేనిచ్చిన నినాదం ఆయనకు నచ్చిందట. నాకు తెలుగు చదవడం వచ్చు. అయినా చదవకుండానే సంతకం గీకేశాను, ఎందుకంటే మీటింగుకు టైమైపోతోంది. చదవకుండా సంతకం పెట్టవద్దని ఆడవాళ్లకు చెప్పే మీటింగది.

ఇక అసలు గొడవ. మురుంగపాక్కంలో ఒక వీధి బావులు ఉప్పుబారిపోయాయి. అళగేశన్ అనే పెద్దమనిషి ట్యాంకరుతో నీళ్లమ్ముకునేవాడు. కుళాయి వేస్తే ఆయన వ్యాపారం ఎండుతుంది, వేయకపోతే జనం గొంతులు ఎండుతాయి. ఆ వీధి మీద నేను పన్నెండు నిమిషాల వీడియో తీశాను. బుధవారం విచారణలో అది చూసి కుళాయి సంగతి తేలుస్తానని మునిసిపాలిటీ ఆఫీసరు ఒప్పుకున్నాడు.

జనం ఏడవాలని, బిందెలు మోసే దృశ్యాల వెనక, మామకు తెలీకుండా వేరే వీడియోవాడి దగ్గర ఒక సినిమా పాట వేయించాను. ఆదివారం ఆ వీధిలోనే చూపిస్తుంటే అళగేశన్ లేచాడు.

"ఏమ్మా కనకం, ఈ పాటకి పర్మిషనుందా? దొంగపాట పెట్టుకుని నన్ను దొంగంటావా? బుధవారం ఆఫీసరు ముందర అడగతా, ఉండు!"

నాకు ఒళ్లు మండింది. ఆయన అన్నది నిజం కాబట్టి ఇంకా మండింది.

సోమవారం పొద్దున్నే సారం పరిగెత్తాను.

"మామా, నా వీడియోలో సినిమా పాట తీసెయ్. చవగ్గా, గొడవ లేని సంగీతం కావాల."

"చవకేంది, ఊరికే ఇస్తా. ఎట్లాంటిది?"

"ఏడిపించేది."

"ఏడుపు లేదు. పొన్నమ్మాళ్ రాగముంది, తీసుకో."

పొన్నమ్మాళ్ ఆ వీధి అవ్వే. ట్యాంకరు కోసం కాచుకుని కూర్చుని ఏదో కూనిరాగం తీసేది, మాటల్లేకుండా. మూడేళ్ల కింద మామ పట్టుకొచ్చిన రాగమది. దృశ్యాల వెనక పెట్టి చూస్తే నాకు ఏడుపు రాలేదు. నడుము నిటారుగా అయింది.

బుధవారం అళగేశన్ అన్నంత పనీ చేశాడు. "సార్, ముందు పాటకి పర్మిషన్ చూపించమనండి!"

వెనక వరసలోంచి మామ, కాగితాలు దాచుకునే బిస్కెట్ డబ్బాతో లేచాడు. అందులోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. ఆఫీసరు దాన్ని తిప్పి తిప్పి చూసి, తెలుగు రాదని నా చేతిలో పెట్టాడు. చదివి అరవంలో చెప్పమన్నాడు.

అవ్వకు తెలీకుండా హక్కులన్నీ విజయరంగన్‌కే రాసిచ్చినట్టుంటుంది, చిక్కులో పడ్డాం అనుకుంటూ విప్పాను. అందులో ఇలా ఉంది:

"ఈ రాగం పొన్నమ్మాళ్‌ది. విజయరంగన్ అనే నేను అడిగి తీసుకున్నాను. దీన్ని అమ్మను. ఎవరికిచ్చినా ఆమె పేరు వేయిస్తాను. ఆమె వద్దన్న రోజు చెరిపేస్తాను."

కింద పొన్నమ్మాళ్ ముద్ర ఒకటి. దాని పక్కనే మామ ముద్ర.

"ఆ అవ్వ ఇక్కడుందా?" అన్నాడు ఆఫీసరు.

పొన్నమ్మాళ్ లేచింది. "నాదే సామీ. వీడు ఏడాదికోతూరి వచ్చి, 'ఇంకా ఇస్తావా, వద్దంటావా' అని అడిగి పోతాడు. నా కొడుకు కూడా నన్ను ఇన్నిసార్లు ఏమీ అడగలా."

అందరూ నవ్వారు. ఆఫీసరు వీడియో మొత్తం చూశాడు. అళగేశన్ తన చెప్పులవంక చూసుకుంటూ కూర్చున్నాడు. కుళాయికి ఆర్డరు రాసిన కలం చప్పుడుకి కూడా మామ అనుమతి అడగబోతుంటే నేనే చెయ్యి పట్టి ఆపాను.

బయటికొచ్చాక డబ్బాలో నా కాగితం వెతుక్కున్నాను. "ఈ నినాదం కనకంది. గొంతు కీచుగా ఉంది. అయినా ఆమెదే," అని ఉంది.

నలభై రోజులకు కుళాయి తిప్పారు. ముందు గొట్టం దగ్గింది, తుమ్మింది, తర్వాత పొన్నమ్మాళ్ బిందెలో నీళ్లు దబదబా పడ్డాయి. మామ రికార్డరు ముందే తిరుగుతోంది. బిందె నిండగానే ఆపి, జేబులోంచి ప్యాడు తీసి, వీధంతా కలయజూశాడు.

"ఈ చప్పుడు ఎవరిది?"

పొన్నమ్మాళ్ బిందె దించి, తడివేలు కొంగుకు తుడుచుకుని ముందుకు చాపింది. ఆమె వెనక ఇంకొకామె, ఆమె వెనక మరొకామె. నీళ్ల కోసం కాకుండా ఆ వీధిలో కట్టిన వరస నేను చూసింది అదొక్కటే.

"తోసుకోకండమ్మా, చదివించుకొని వేయండి," అని అరిచి, మామ కాగితం నా చేతిలో పెట్టాడు.

"కనకం, ఈ తూరన్నా చదువు."