ఐదువందల డిగ్రీల తెగులు

యాదమ్మను అన్యాయంగా పనిలోంచి తీసేశారు. కొలిమిలో పసుపు పోసిందన్నారు. పోయలేదు.

అప్పుడు నేను హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనం అడుగున ఉన్న పరీక్షశాలకు ఫర్నేస్ సూపర్‌వైజర్‌ని. పై అంతస్తుల్లో సాఫ్ట్‌వేర్, కింద మా కొలుములు. బడి పదో తరగతితో ఆగింది. మిగతాదంతా పాత పుస్తకాల చదువే.

మేం పరీక్షిస్తున్నది మాలిబ్డినం డైసిలిసైడ్. లోహంలా కరెంటును పోనిస్తుంది, పింగాణీలా పెళుసు. ఇనుము కరిగే వేడిలో పైన గాజుపొర కట్టుకుని నిలబడుతుంది. కొలిమి కడ్డీలకు ఎప్పటినుంచో వాడుతున్నారు. విమాన ఇంజిన్ భాగాల మీద పూతగా పనికొస్తుందేమోనని మా పరీక్ష.

దసరాకి ఆయుధపూజ చేశాం. కొలిమి తలుపుకి ఏటా పసుపు కుంకుమలు పెట్టేది, అక్కడ ఊడ్చే యాదమ్మే. పూజ చేసిన కొలిమితో పండగకి పని చేయించకూడదు, దాన్ని పూర్తిగా చల్లారనివ్వనూ కూడదని మా ఆనవాయితీ. పరీక్షకు పెట్టిన డైసిలిసైడ్ ముక్కలు లోపలే ఉంచి, వేడిని ఐదువందల డిగ్రీలకు దించమన్నారు మేనేజర్ గారు. "తక్కువ వేడికి ఏమవుతుందండీ?" అన్నారు. అందరం తలూపాం.

సెలవులయ్యాక తలుపు తీస్తే ముక్కలు పెట్టినచోటే, పెట్టిన ఆకారంలోనే ఉన్నాయి. పట్టకారు తగలగానే చప్పుడు లేకుండా కూలిపోయాయి. పసుపు కలిసిన నల్లటి పొడి. సెలవుల్లో కెమెరాలో మనిషి జాడే లేదు.

"కొలిమికి దయ్యం గిట్ల పట్టిందా ఏంది?" అని ఆపరేటర్ సత్తయ్య నవ్వబోయి, ఆగిపోయాడు.

"పసుపేనండీ ఇది. పూజనాడే లోపల పోసుంటుంది," అన్నారు మేనేజర్.

"తలుపుకే బొట్టు పెట్టిన సారూ. లోపల చెయ్యి గూడ పెట్టలే," అంది యాదమ్మ. నార్సింగిలో కిరాయి గది, మంచంపట్టిన మొగుడు. ఆమె జీతమే ఆధారం. సాయంత్రానికి గేటు పాసు లాక్కున్నారు.

నాకు ఒళ్ళు మండింది. పూజ లేకుండా, కొత్త ముక్కను అదే వేడిలో పెట్టించాను. అనంతపురం నుంచి వచ్చిన ఇంజినీరు స్వాతి, నేను రోజూ తలుపు తీసి చూసేవాళ్ళం. చూసిన ప్రతిసారీ ముక్క ఇంకాస్త ఉబ్బి, అంచులు ఎవరో నమిలినట్టుండేవి. చివరికి అదే పొడి.

"దయ్యం గాదు సార్, దీన్ని తెగులంటారు," అంది స్వాతి. "ఈ నడిమి వేడికి గాజుపొర సరిగా కట్టదు. గాలి సన్న కంతల్లో దూరి లోపల్నించి తినేస్తాది. పొడిలో ఆ పసుపు రంగు మాలిబ్డినం తుప్పుదే."

పెద్ద వేడికి నిలిచిన పదార్థం చిన్న వేడికీ నిలుస్తుందని పరీక్షించకుండా నమ్మకూడదు. నేను నేర్చుకున్నది అంతే.

ఆ ఫలితం జతచేసి, యాదమ్మను తిరిగి తీసుకోమని రాశాను. ఉలుకూ పలుకూ లేకపోతే మళ్ళీ మళ్ళీ రాశాను. నా రిటైర్మెంటు ముందు జవాబొచ్చింది:

"మీ పరీక్ష ఫలితాన్ని అంగీకరిస్తున్నాము. సదరు మహిళ కాంట్రాక్టరు మనిషి కనుక, ఆమెను మేము తొలగించినట్లు కాదు. తిరిగి తీసుకునే ప్రశ్న తలెత్తదు."