గోడను వదలని ఎర్ర అక్షరాలు

తొలకరికి తడిసిన సున్నం గోడ వాసన వస్తే చాలు, నా తెలివితక్కువతనం గుర్తొస్తుంది. ఇల్లు అమ్మకానికి పెట్టేవాడెవడైనా గేటుకు ఓ అట్టముక్క కట్టి ఊరుకుంటాడు. నేను మాత్రం ప్రహరీ గోడ మీద ఎర్ర ఆయిల్ పెయింటుతో, "ఈ ఇల్లు అమ్మబడును. చూడదలచినవారు లోపల విచారించండి" అని జానెడేసి అక్షరాలు స్వయంగా రాశాను, ఏటేటా ఇల్లు అమ్ముకునేవాడిలాగా.

ఎదురింటి పంతులమ్మగారు అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. చిన్నప్పుడు బళ్ళో నా చేతిరాత దిద్దించింది ఆవిడే. "ఒరేయ్ శేషయ్యా, సున్నంలో రంగు కలిపి రాయరా, పనయ్యాక కడుక్కోవచ్చు. ఆయిల్ పెయింటు మీద మళ్ళీ సున్నం నిలవదు, వానకి ఊడొస్తుంది" అన్నారు. చెరిగితే మళ్ళీ రాసే ఓపిక లేదన్నాను. గోడ వంక మళ్ళీ చూసి, అక్షరాలు మాత్రం గుండ్రంగానే వచ్చాయన్నారు.

అది తొంభైల చివర, పర్చూరు దగ్గర మా ఊళ్ళో. వరసగా రెండేళ్ళు పత్తిని పురుగు తినేసింది. నా ఆశలన్నీ పత్తివే కాబట్టి తేలిగ్గానే ఎగిరిపోయాయి. ఇల్లు అమ్మితేనే పొలం నిలుస్తుంది. గోడ మీద రాత పడ్డాక కొనేవాళ్ళకంటే, ఎంత చితికిపోయామో చూసిపోదామని వచ్చినవాళ్ళే ఎక్కువ. పడకగది తలుపు తోసేవారు, వంటింట్లో డబ్బాల వంక చూసేవారు. వాళ్ళకి ఇల్లు చూపించడం కంటే ముఖం చూపించడం కష్టమైపోయింది. మా ఆవిడ వాకిట్లో ముగ్గు పెట్టడం మానేసింది. పోయే ఇంటికి ముగ్గెందుకంది. ముగ్గులేని వాకిలి చూసి, ఇంట్లో ఎవరన్నా పోయారా అని ఒకాయన అడిగాడు కూడా.

మర్నాడు తెల్లారి తలుపు తీస్తే, పంతులమ్మగారు మా గేటు ముందు వంగి ముగ్గు పెడుతున్నారు. నడుం పట్టుకుని లేచి, "ఇంకా ఇది మీ వాకిలేగా" అన్నారు. అంతే. ఆ రోజు నుంచి రోజూ ఆవిడే పెట్టారు. మా ఆవిడ కిటికీ దగ్గర నిలబడి ఏడ్చేది, బయటికి మాత్రం వచ్చేది కాదు.

చివరికి వేటపాలెం నుంచి ఒక జీడిపప్పు వ్యాపారి వచ్చాడు. గొడుగు మొనతో ప్రతి గోడనూ కొట్టి, చెవి ఆనించి విని, వాస్తు బాగాలేదనీ, అందుకే మాకు కలిసిరాలేదనీ మా ఆవిడ ముందే చెప్పాడు. పంతులమ్మగారు గుమ్మంలోంచి, "అదేమన్నా పుచ్చకాయా అబ్బాయ్, అట్లా కొట్టి చూస్తున్నావు? పురుగు పడింది పత్తిలో, గోడలో కాదు" అన్నారు. అతను నవ్వలేదు. చాలా రోజుల తర్వాత నేను నవ్వాను. నవ్వి, అతనడిగిన ధరకే ఇచ్చేశాను.

రిజిస్ట్రేషన్ కాకముందే పంతులమ్మగారు నిద్రలో పోయారు. ఆ ఉదయం రెండు వాకిళ్ళూ బోసిగా ఉన్నాయి. దినాలయ్యాక, మేం ఖాళీ చేసేదాకా, మా ఆవిడే రెండిళ్ళ ముందూ ముగ్గు పెట్టింది. ఇల్లమ్మి నిలబెట్టుకున్న పొలం ఆ తర్వాత నిలవలేదు. గుంటూరులో మా అద్దె వాటాకి వాకిలంటూ లేదు. మేడమెట్టు మీదే ఇప్పటికీ జానెడు ముగ్గు పడుతుంది.

తాళాలిచ్చే ముందు, గోడ మీద రాత కనపడకుండా చేసి ఇవ్వాలన్నాడు జీడిపప్పాయన. నేనే సున్నం వేశాను. గీకకుండా వేశాను. పంతులమ్మగారి మాట మరిచిపోయి కాదు.

తొలకరి పడ్డాక పనిమీద ఆ ఊరు వెళ్ళాను. సున్నం పొరలుగా ఊడిపోయి, గుండ్రటి ఎర్ర అక్షరాలు మళ్ళీ వీధిలోకి చూస్తున్నాయి. ఎవరెవరో వచ్చి బేరం అడిగిపోతున్నారని పక్కింటివాళ్ళు చెప్పారు. గేటు తీసుకుని లోపలికి వెళ్ళాను. గొడుగు మొనతో గోడను కొట్టి, చెవి ఆనించి విన్నాను. చప్పుడుకి జీడిపప్పాయన బయటికొచ్చాడు.

"ఇల్లు అమ్ముతున్నారంట కదండీ," అన్నాను. "ఒకసారి లోపల చూడొచ్చా?"