రాజుగారి కొడుక్కి పాలిచ్చిన కసిల్డా

మాడ్రిడ్‌లో మా పేటలో కసిల్డా గొప్పలు వినని చెవి లేదు. బట్టలుతికే రేవులో ఎవరైనా నోరు తెరిస్తే చాలు, "నేను రాజుగారి కొడుక్కి పాలిచ్చినదాన్ని" అంటూ అందుకునేది. అబద్ధం కాదు లెండి. రాణిగారికి నెలలు నిండుతున్నాయంటే చాలు, ఆస్థాన వైద్యుడు ఉత్తరాదిన పాస్ కొండల్లోకి పోయేవాడు. సంతలో పశువుని చూసినట్టు పళ్లూ రొమ్మూ చూసి ఒక పచ్చి బాలింతని ఏరుకొచ్చేవాడు.

అప్పుడు కసిల్డాకి పందొమ్మిదేళ్లు. చంకలో నెలల పిల్ల, విసెంటా. ఆ పిల్లని అత్తగారి ఒళ్లో పడేసి బండెక్కింది. పడేసి అనడం అన్యాయమే. మొగుడు సరేనన్నాడు, అత్త సరేనంది, ఇల్లు నిలబడుతుందని ఊరంతా సరేనంది. పిల్లనెవరు అడుగుతారు?

రెండేళ్లు కోటలో మహారాజభోగం. పాలు ఆగిపోయాక దొరల ఇళ్లలో ఆయా పని, అదీ పోయాక రేవు. మధ్యలో ఒక్కసారి ఊరెళితే, నాలుగేళ్ల విసెంటా ఎవరో బూచి వచ్చినట్టు నాయనమ్మ వెనక దాక్కుంది. దాంతో కసిల్డా మనసు విరిగిపోయింది. మళ్లీ కొండెక్కలేదు.

చాలా ఏళ్ల తర్వాత రాజుగారే దేశం వదిలి పారిపోయారు. కోటలోకి మామూలు జనాన్ని రానిచ్చి, గదులన్నీ చూపించడం మొదలెట్టారు. మొగుడు ఎప్పుడో పోయాడు, ఆ ఏడే ఊళ్లో అత్తగారూ కన్నుమూసింది. ఇక కసిల్డాకి ఒకటే ఆశ, కూతురొచ్చి తన గదిలో ఉండిపోవాలని. వేళ్లు వంకర్లు తిరిగిపోయాయి, చన్నీళ్లలో పెడితే ప్రాణం పోతోంది. ఆ మాట అలా ఉంచండి, నోరారా అమ్మా అని పిలిచే మనిషి కావాలి ఆవిడకి.

విసెంటా వచ్చింది. ఉండిపొమ్మంటే "చూసి చెబుతానండీ" అంది. శనగలూ సాసేజీ ఉడకేసి కొసరి కొసరి వడ్డిస్తే, "చాలండీ" అంటూ పళ్లెం జరిపేసింది. కన్నతల్లిని అండీ అంటుంటే ఎవరి కడుపు తరుక్కుపోదు? నేనెలాంటి చోట బతికానో కళ్లారా చూస్తే దానికే అర్థమవుతుంది అనుకుని, మర్నాడు కోటకి తీసుకెళ్లింది, పిచ్చిది.

ఉయ్యాల గదికి అడ్డంగా తాడు కట్టి ఉంది. లోపల బంగారు పూత ఉయ్యాల, పక్కన ఎత్తు తక్కువ కుర్చీ.

"అదుగో, ఆ కుర్చీలోనే కూర్చునేదాన్ని," అంది కసిల్డా పొంగిపోతూ. "నా పగడాల దండ గుప్పిట్లో ఉంటే గానీ నిద్రపోయేవాడు కాదు, వెధవ. పళ్లొచ్చేటప్పుడు ఒళ్లు కాలిపోయింది. నన్ను ఒక్క క్షణం లేవనిస్తేనా."

"నాకు పళ్లెప్పుడొచ్చాయి?" అంది విసెంటా.

"అది మీ నాయనమ్మకి తెలియాలి."

"ఆవిడ చెప్పిందిలెండి. ఇంకో సంగతి కూడా చెప్పింది. దారిలో పాలు ఎండిపోకుండా కుక్కపిల్లకి రొమ్మిచ్చుకుంటూ వచ్చారటగా?"

"అందరం అంతేనే. పాలు తగ్గాయంటే గుమ్మంలోంచే వెనక్కి తరిమేస్తారు."

"నేను తాగితే ఎండిపోయేవా?"

"నిన్ను తీసుకురానివ్వరే..."

"కుక్కపిల్లని రానిచ్చారుగా."

పక్కనున్న జనం అటు తిరిగి చూశారు. కసిల్డాకి తల కొట్టేసినట్టయింది. ఎవరి మొహమూ చూడకుండా గబగబా బయటికి నడిచింది.

బయట మెట్ల మీదికొచ్చేసరికి సిగ్గు పోయి ఒళ్లు మండింది. "ఎవరికోసం చేశానే ఇదంతా? నా జీతంతోనే కొట్టంలోకి ఆవులొచ్చాయి. ఆ పాలు తాగేగా నువ్వింతదానివయ్యావు. అది మాత్రం చెప్పలేదా మీ నాయనమ్మ?"

"చెప్పింది." విసెంటా తలకి గుడ్డ బిగించి కట్టుకుంది. "నన్ను పెంచింది ఆ ఆవులే. ఇప్పుడున్నవి వాటి సంతానమే. ఒకటి ఈ వారంలో ఈనుతుంది, దగ్గర ఎవరూ లేరు. దాన్ని వదిలి ఉండలేనండీ. సాయంత్రం రైలుకి పోతాను."

కసిల్డా ఆపుదామని చెయ్యి చాచింది. అప్పటికే విసెంటా మెట్లు దిగిపోతోంది.