నాలుగు గళ్ళలో లేని జవాబు

మేడ్చల్ దాటాక, హైవేకు కొంచెం లోపలగా ఉన్న ఒక ప్రైవేటు బడిలో నేను టెన్త్‌కు లెక్కలు చెబుతాను. సిలబస్ చెప్పి ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. నాకెక్కడ! నా నోరు ఊరుకోదు. పిల్లలు దేని గురించైనా ముచ్చటగా మాట్లాడుకుంటుంటే అందులో దూరి, దానికో లెక్క తగిలించి, బోర్డు మీదికి ఎక్కిస్తే గాని నాకు తోచదు. నా ఆ జబ్బు ఇద్దరు పిల్లల ప్రాణం మీదికి తెచ్చింది.

నిరుడు మా టెన్త్ క్లాసంతా ఒక సీరియల్ పిచ్చిలో పడింది. ఏదో బడిలో జరిగే కథ. వారానికో భాగం ఫోన్లో వచ్చేది. అందులో తప్పు చేసిన స్నేహితులను విడదీసి, వేరే వేరే గదుల్లో కూర్చోబెట్టి, చేతికో చీటీ ఇస్తారు. స్నేహితుడి పేరు రాయొచ్చు, ఖాళీ చీటీ ఇవ్వొచ్చు. ఇద్దరూ ఖాళీగా ఇస్తే ఇద్దరికీ చిన్న శిక్ష. ఒకరే రాస్తే రాసినవాళ్ళు హాయిగా బయటపడతారు, రెండోవాళ్ళు బడి వదలాలి. ఇద్దరూ రాస్తే ఇద్దరికీ పెద్ద శిక్ష. ప్రేయర్ అయ్యిందో లేదో, పిల్లలు ఇక దాని గురించే మాట్లాడుకునేవాళ్ళు.

"మేడం, మీరైతే రాస్తరా, రాయరా?" అని ఒకరోజు నన్నే నిలదీశారు.

అంతే, నాకు ఊపొచ్చింది. దీన్ని గేమ్ థియరీ అంటారు అని బోర్డు మీద నాలుగు గళ్ళు గీశాను. మన క్లాసులోనే ఉంది కదా ఈ ఆట, అన్నాను. టీచర్ లేనప్పుడు మాట్లాడినవాళ్ళ పేర్లు క్లాసు లీడర్ బోర్డు మీద రాస్తుంది. దోస్తు మాట్లాడితే ఏం చేస్తుంది? రాస్తుందా, కళ్ళు మూసుకుంటుందా?

క్లాసు గొల్లున నవ్వింది. ఎందుకంటే లీడర్ సంగతి అందరికీ తెలుసు. పొట్టిగా, రెండు జడలేసుకుని, సుద్దముక్క జేబులోనే పెట్టుకుని తిరిగే పిల్ల. క్లాసు మొత్తాన్నీ బోర్డెక్కిస్తుంది గాని తన పక్కన కూర్చునే పిల్ల పేరు మాత్రం చచ్చినా రాయదు.

"మేడం, గిది దాని పేరు ఒక్కసారి గూడ రాయలే! అది దినమంత వాగుతనే ఉంటది!" అని వెనక బెంచీ నుంచి అరిచారు.

ఆ వాగుడుకాయ పొడుగ్గా, సన్నగా ఉండేది. వాళ్ళ నాయిన శామీర్‌పేట చెరువులో చేపలు పడతాడు, అమ్మ రోడ్డు పక్కన అమ్ముతుంది. అందరూ చెరువు పిల్ల అనేవాళ్ళు, నేనూ అదే అనేదాన్ని. ఒకటో తరగతి నుంచీ వీళ్ళిద్దరిదీ ఒకటే బెంచీ. అన్నం డబ్బాలు రెండు, సంచీ మాత్రం ఒకటే. లీడర్ వాళ్ళింట్లో కొన్న పచ్చ సంచీ అది. చెరువు పిల్ల పొద్దున్నే వచ్చి తన డబ్బా అందులో పడేసేది.

ఆ రోజు బెల్లు కొట్టే ముందు లీడర్ లేచింది.

"మేడం, దాని పేరు గాకుంట, ఖాళీ గాకుంట, నా పేరే రాసిస్తే ఏమైతది?"

నా నాలుగు గళ్ళలో దానికి చోటు లేదు. నిజానికి అక్కడ ఆగాలి. ఇంకో వరసా ఇంకో నిలువూ గీసి చూపించాలి. ఇద్దరూ అదే పని చేస్తే ఏమవుతుందో పిల్లలతోనే చెప్పించాలి. కానీ బెల్లు కొట్టారు, అవతల తొమ్మిదో తరగతి ఎదురుచూస్తోంది. డస్టర్ తీసుకుంటూ, "అట్ల రాస్తే ఆట ఖతం! దోస్తు బచాయిస్తది, శిక్ష తప్పించుకుంటది, ఇంకేంది?" అనేశాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనేదో గొప్ప మాట అన్నట్టు మురిసిపోతూ బయటికొచ్చాను, నా మొహం!

తర్వాతి వారమే ఆ పచ్చ సంచీలో ఫోను దొరికింది.

మా బడిలో ఫోను తెస్తే టీసీ ఇచ్చి పంపేస్తారు. ఆ నియమం గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. దొరికింది గ్లాసు పగిలిన పాత ఫోను, సిమ్ కూడా లేదు, ఎవరిదో చెప్పే గుర్తేదీ లేదు. మధ్యాహ్నం సీరియల్ ఆఖరి భాగం చూద్దామని తెచ్చారన్నది మాత్రం క్లాసందరికీ తెలుసు. సంచీ ఇద్దరిది కాబట్టి ఇద్దరినీ పిలిపించారు. పరీక్షకు కూర్చునేవాళ్ళ పేర్లు పరీక్షల బోర్డుకు పంపాల్సిన వారం అది. పేరు వెళ్ళకపోతే ఆ ఏటికి పది లేనట్టే. చెరువు పిల్లకు వాళ్ళ నాయిన ముందే తెగేసి చెప్పాడు, పది పాసైతేనే చదువు, లేదంటే అమ్మ వెంట చేపల దగ్గరికే అని. ఈ సంగతి ఆ పిల్లే నాకు చాలాసార్లు నవ్వుతూ చెప్పింది.

మా కరస్పాండెంట్ సారుకు బడి నడపడం తెలుసు, పిల్లలను అడగడం తెలియదు. ఒకరిని ల్యాబులో, ఇంకొకరిని ఆఫీసు గదిలో కూర్చోబెట్టమన్నాడు. ఇద్దరికీ తెల్లకాగితాలు ఇప్పించాడు. నన్ను పిలిచి, "మేడం, ఒకలు రాసింది ఇంకొకలకు తెల్వొద్దు. మీరే దగ్గరుండి రాయించుండ్రి," అన్నాడు. బోర్డు మీద నేను గీసిన ఆటే ఇది. ఇప్పుడు చీటీలు పంచే పని కూడా నాదే.

ముందు ల్యాబుకు వెళ్ళాను. జవహర్‌నగర్ చెత్తకుప్పల వైపు నుంచి గాలి తిరిగి కంపు కొడుతోందని కిటికీలన్నీ మూసేశారు, లోపల ఉక్కపోత. లీడర్ అప్పటికే రాసేసి, కాగితం మడిచి పెట్టుకుంది. విప్పి చూశాను. ఫోను నేనొక్కదాన్నే తెచ్చిన, ఆమెకు తెలియదు, అని గుండ్రటి అక్షరాలతో ఉంది.

"ఇది నిజమేనా?" అన్నాను.

"ఫోను దానిదే మేడం. కానీ సూడుండ్రి, మా మేనత్త మచ్చ బొల్లారంల బడిల ఆయమ్మ. నన్ను తీసేస్తే ఎట్లన్నజేసి ఆడ సేర్పిస్తది. దానికెవలున్నరు? మీరే జెప్పిండ్రు గద, నా పేరు రాస్తే అది బచాయిస్తదని."

పదిహేనేళ్ళ పిల్ల నాకంటే బాగా లెక్క కట్టింది. ఎవరు పోతే తక్కువ నష్టమో చూసుకుని తన పేరు రాసింది. ఇక చెరువు పిల్ల ఏమీ రాయకుండా ఉంటే చాలు. ఆ కాగితం పట్టుకుని ఆఫీసు గదికి వెళుతూ, దీన్ని ఆ పిల్లకు చూపిద్దామా అని ఒక్క క్షణం అనుకున్నాను. చూపించాల్సింది.

కానీ అక్కడ కరస్పాండెంట్ సారే నిలబడి ఉన్నాడు.

"నీ దోస్తు అంత జెప్పేసింది. ఫోను నీదేనని రాసిచ్చింది. ఇగ దాచి లాభం లేదు, నువ్వు రాయి," అంటున్నాడు.

పచ్చి అబద్ధం. ల్యాబులో ఏం రాసిందో ఆయన ఇంకా చూడనైనా లేదు. కాగితం నా చేతిలోనే ఉంది.

చెరువు పిల్ల ఆయన వైపు చూడలేదు, నా వైపు చూసింది. "నిజమా మేడం? అది నా పేరు జెప్పిందా?"

ఆ గదిలో ఒక్క మాట అనాల్సింది నేను. లేదు బిడ్డా, అంటే చాలు. తల అడ్డంగా ఊపినా చాలు. నా కూతురు అదే బడిలో ఆరో తరగతి చదువుతోంది, సగం ఫీజుతో. ఆయన నన్నే చూస్తున్నాడు. భయపడ్డాను, అంతకంటే చెప్పుకోవడానికేమీ లేదు. "నీది నువ్వు రాయి బిడ్డా," అన్నాను.

ఆ పిల్ల పెన్ను తీసుకుని రాసింది. నా మీద చెప్పినావే అని కోపంతో రాస్తుందనుకున్నాను. ఫోను నేనే తెచ్చిన, ఆమెకు తెల్వకుండ సంచీల పెట్టిన, ఆమె తప్పు లేదు, అని రాసి నా చేతికిచ్చింది. తనను పట్టించిందనుకుంటూనే దోస్తును కాపాడింది.

సారు రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. "సూసిండ్రా మేడం, ఇద్దరు ఒప్పుకున్నరు."

"ఇద్దరూ నేనొక్కదాన్నే అంటే ఎట్ల కుదురుతది సార్? ఏదో ఒకటి అబద్ధం కదా?" అన్నాను.

"అయితే ఒకతి ఫోను తెచ్చింది, ఇంకొకతి అబద్ధం రాసింది. ఎవల్ని ఉంచుకోమంటరు, మీరే జెప్పుండ్రి."

ఎవరిని చూపించను? ఒకరిని కాపాడాలంటే ఇంకొకరిని పట్టివ్వాలి. నిజం చెబితే చెరువు పిల్ల పోతుంది. అబద్ధం చెబితే లీడర్ పోతుంది. పిల్లలకు పెట్టిన ఆట చివరికి నా ముందుకొచ్చింది. నేను ఖాళీ చీటీ ఇచ్చాను. ఇద్దరికీ టీసీలు రాశారు.

మర్నాడు చెరువు నుంచే తిన్నగా వచ్చినట్టున్నాడు ఆ పిల్ల నాయిన, లుంగీ అంచు ఇంకా తడిగానే ఉంది. మా ఇష్టం మీదనే టీసీ తీసుకుంటున్నాం అని తల్లిదండ్రుల పేరు మీద ఒక దరఖాస్తు కావాలన్నారు. ఆయనకు రాయడం రాదు. నేనే రాశాను, ఆయన కింద సంతకం ఒక్కటే పెట్టాడు.

"మేడం, పరీక్షయితే రాయనిస్తరు గద?" అని అడిగాడు.

"చూద్దాం అన్నా," అన్నాను. ఏం చూస్తాను నేను? బౌరంపేట్‌లో నాతో చదువుకున్నామె ఒక బడిలో పనిచేస్తుంది. రెండు రోజులు ఆమె వెంటపడి బతిమాలాను. పేర్లు పంపేశారు, ఇప్పుడెవరు తీసుకుంటారే, అని విసుక్కుంది. లీడర్‌ను మాత్రం వాళ్ళ మేనత్త ఆఖరి రోజున ఎలాగో చేర్పించింది. తన్నుకున్నది పిల్లలు కాదు, పెద్దలు. నీ బిడ్డ వల్లే అంటే నీ బిడ్డ వల్లే అని ఇద్దరు తండ్రులూ గేటు దగ్గర నానా మాటలూ అనుకున్నారు. ఆ పిల్లలను మళ్ళీ కలవనివ్వలేదు.

ఈ మధ్య ఒక ఆదివారం శామీర్‌పేట రోడ్డు పక్కన చేపలకని ఆగాను. కత్తిపీట ముందు కూర్చుని రవ్వ చేప పొలుసు తీస్తున్న పిల్ల తలెత్తింది.

"నమస్తే మేడం! మంచిగున్నరా?" అదే నవ్వు, అదే గొంతు. అమ్మకు వొంట్లో బాగాలేదనీ, బేరం తనే చూసుకుంటున్నాననీ, పది ప్రైవేటుగా కడదామంటే నాయిన సూద్దాం సూద్దాం అంటున్నాడనీ గలగలా చెప్పుకుపోయింది. చేప చేతిలో తిప్పుతూ, "అది బొల్లారంల మంచిగ సదువుతున్నదంట మేడం. గప్పుడు నా పేరు జెప్పింది గానీ, భయానికి జెప్పుంటది. నేనైతే దాని మీద కోపం పెట్టుకోలే," అంది.

ఇక ఆపుకోలేకపోయాను. "అది నీ పేరు చెప్పలేదు బిడ్డా. తన పేరే రాసింది. నువ్వు పరీక్ష రాయాలని, తానే తెచ్చినట్టు రాసింది."

కత్తిపీట మీద చేయి ఆగిపోయింది. వెనక ఎవరో చేపల రేటు అడుగుతున్నారు, వినిపించుకోలేదు.

"మీకు గప్పుడే ఎరికేనా మేడం?"

"ఎరికే బిడ్డా. ఆ కాగితం నా చేతిలోనే ఉండె."

ఆ పిల్ల నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నా ముఖంలోకి ఒకసారి చూసి, తల వంచుకుని, చేపను కత్తిపీటకు ఆనించింది.

"ముక్కలు సిన్నగ కొట్టాల్నా మేడం, పెద్దగనా?" అని అడిగింది.