గుంట పూడ్చినవాళ్లే సాక్షులు

నిన్న, సోమవారం పొద్దున్నే మా సీనియర్ గారి నంబరు నుంచి ఫోనొచ్చింది. బుధవారం వాయిదా సంగతి గుర్తుచేస్తారనుకున్నా. మాట్లాడింది ఆయన కోడలు. తెల్లవారుజామున నిద్రలోనే పోయారని చెప్పింది.

మీలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. నందిగామ కోర్టులో వకీలు. లా చదువుతూ ఏడాదిగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నా. మాటల మీద కొత్త మోజుతో, టైలరింగ్ చేసే ఒక అక్క నష్టపరిహారం దావాని "అమానుషమైన నిర్లక్ష్యం" అంటూ మొదలుపెట్టా. ఆయన ఆ మాట కొట్టేశారు.

"ఈ మాట ఆవిడకి జాకెట్టు కుట్టిపెడుతుందా అమ్మాయ్?"

దెబ్బ తగలకముందు ఆ చేత్తో ఏమేం చేసేదో అక్కనే అడిగారు. కాజాలు, హుక్కులు, పిల్లకి జడ... అన్నీ దావాలోకి ఎక్కాయి.

జరిగింది ఇదీ. పైపుల కోసం కాంట్రాక్టరు వీధిలో గుంట తవ్వించి, చుట్టూ తాడైనా కట్టకుండా వదిలేశాడు. చీకట్లో అక్క అందులో పడితే కుడి మణికట్టు విరిగింది. ఇంకెవరూ పడకూడదని వీధివాళ్లు మర్నాడే ట్రాక్టరు మట్టి తెప్పించి పూడ్చేశారు. ఫొటో తీయాలని ఒక్కరికీ తోచలేదు. ఇప్పుడేమో అసలు గుంటే లేదంటున్నాడు కాంట్రాక్టరు.

నేను నీరుగారిపోయా. చోటు చూడకుండా ఏ కేసూ రాయని ఆయన, గొడుగేసుకుని ఆ కొత్త మట్టి మీద నిలబడి ఎప్పుడూ అడిగేవే అడిగారు. జాగ్రత్త పడాల్సింది ఎవరు? ఆ జాగ్రత్త పడ్డారా? పడకపోవడం వల్లే దెబ్బ తగిలిందా? ఆ తర్వాత నావైపు తిరిగి, "లేని గుంటని ఎవరైనా పూడుస్తారా? పూడ్చినవాళ్లే మన సాక్షులు" అన్నారు.

ట్రాక్టరు తోలిన బాబాయిది మా జగ్గయ్యపేటే. మట్టి పోసినందుకు నన్ను బోనెక్కిస్తారేంటండీ అని గొణిగాడు.

"ఎక్కి, ఎందుకు పోశావో చెప్పి దిగిపో" అన్నారు సీనియర్ గారు. బాబాయి నవ్వేసి ఒప్పుకున్నాడు.

ఇవాళ ఫోన్ చేస్తే, "ఆయనే పోయాక నాకెందుకమ్మా కోర్టు?" అన్నాడు. ఇంకో వాయిదా అడుగుదామా అంటే అక్క వద్దంది. మిషను మీద కప్పిన గుడ్డ ఇంకెన్నాళ్లు అలాగే ఉంచమంటారని అడిగింది. కోర్టులో సీనియర్ గారి దగ్గర పనిచేసే జూనియర్ వకీలు గారు నిలబడతారు. బాబాయిని తీసుకెళ్లడం నా వంతు.

రేపు పొద్దున్నే బాబాయి గేటు దగ్గర ఉంటా. టీ ఇస్తే తాగుతా. చొక్కా వేసుకుని బాబాయి నాతో నందిగామ బస్సెక్కేదాకా మాత్రం కదలను.