గువాంగ్‌జౌలో నా ఫోన్ పనిచేసింది

చైనాలో వాట్సాప్ రాదని ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్న వాళ్ళందరికీ తెలుసు. చెప్పింది నేనే. ఆ మాట నిజమే కాబట్టి దాని వెనక దాక్కోవడం నాకు సులువైంది. వాట్సాప్ రాలేదు గానీ మామూలు మెసేజ్ వచ్చింది. నేను దాన్ని పొద్దున్నే చదివాను.

మా అక్క భర్త, నేను కలిసి మైపాడు దగ్గర గుంటలు చేసేవాళ్ళం. తిరుగుడంతా నాది, చూపంతా ఆయనది. తెల్లారగానే మేత పెట్టి దించిన ట్రే పైకి లాగి, ఒక రొయ్యను వేళ్ళ మధ్య పట్టుకుని వెలుతురుకెత్తేవాడు. వీపు వెంట పేగు నల్లటి గీతలా నిండుగా ఉంటే మేత తిన్నట్టు. గీత తెగి తెగి కనిపిస్తే జబ్బేదో మొదలైనట్టు. ఆయన చూపు మీద నమ్మకంతో పక్క ఊళ్ళ వాళ్ళు కూడా బండి పంపి పిలిపించుకునేవాళ్ళు.

పొత్తులో గుంటలు చేసేవాళ్ళకు మా వైపు ఒక కట్టడి ఉంది. ఇద్దరూ సరేననందే పట్టుబడికి వల దించకూడదు. ఒకడు ఊళ్ళో లేనప్పుడు ఇంకొకడు పట్టేస్తే, సరుకు ఎంత మంచి ధరకు అమ్ముడైనా ఆ పొత్తు అక్కడితో సరి.

గుంట నీళ్ళు చిలికే ఏరియేటర్లను తయారుచేసే చోటే చూసి కొనాలని నేను చైనా బయలుదేరాను. ఆ రోజు గట్టు మీద నిలబడి చెప్పాను.

"నేను చెప్పిందాకా వల దించబాకు బావా. వచ్చినాక రేటు చూసుకుని పట్టిద్దాం."

"నువ్వు యాడుంటావో, ఫోన్ కలుస్తాదో లేదో."

"మెసేజ్ పెట్టు. చూస్తాగా."

"సరేలే. రొయ్యలకు కూడా చెప్తా, మా బామ్మర్ది వచ్చిందాకా కాస్త ఓపిక పట్టండమ్మా అని."

గువాంగ్‌జౌలో ఫ్యాక్టరీలు చూడడం అయిపోయింది. మర్నాడు రైలెక్కి సముద్రం పక్కనున్న ఇంకో ఊళ్ళో చెరువులు చూడాలి. మధ్యలో ఒక రోజు ఖాళీ దొరికింది. తోడెవరూ లేరు. నా బట్టలకు గుంట వాసన లేని రోజు అంతకుముందు ఎప్పుడొచ్చిందో గుర్తులేదు.

ఆ రోజు ఎక్కడా కాలు నిలవలేదు. మెట్రో ఎక్కడం, పలకడానికి పేరు బాగుందనిపించిన స్టేషన్లో దిగడం, పైకొచ్చి నాలుగు వీధులు తిరగ్గానే మళ్ళీ కిందికి దిగడం. కరెంటు స్కూటర్లు చప్పుడు లేకుండా వెనక నుంచి వచ్చి పక్కనుంచి దూసుకుపోతుంటే ఉలిక్కిపడేవాణ్ణి. సన్నగా తుంపర పడుతోంది. అద్దాల మేడల పై అంతస్తులు మబ్బులో కలిసిపోయి కనిపించలేదు. పండ్లమ్మే ముసలావిడ కూడా మెడలో వేలాడే క్యూఆర్ కోడ్ అట్టముక్క చూపించి, ఫోన్ తియ్యమని సైగ చేసింది. ఫోన్ తీయడం ఇష్టంలేక పండు వదిలేసి నడిచాను.

ఎందుకంటే అప్పటికే మెసేజ్ వచ్చి ఉంది. పొద్దున మెట్రోలో కడ్డీ పట్టుకుని నిలబడి చదివాను. "పేగు తెగినట్టుండాది. పట్టేద్దామా. వెంటనే చెప్పు."

ఆయనకు భయమెక్కువ అనుకున్నాను. జవాబిస్తే ఐసు, లారీ, కొనేవాళ్ళ ఫోన్లు, ఇక ఆ రోజు నాది కాకుండా పోతుంది. సాయంత్రం చెబుదాంలే అనుకున్నాను. మర్చిపోయానని చెప్పుకోవడానికి కూడా లేదు. రోజంతా జేబులో చెయ్యి ఫోన్ మీదే ఉంది.

పొద్దు వాలేవేళకు నది పక్కన చేపల మార్కెట్లో తేలాను. అద్దాల తొట్లలో మా గుంటల్లో పెంచే రకం రొయ్యలే బతికి ఈదుతున్నాయి. నా చెయ్యి దానంతటదే లోపలికి పోయింది. ఒకదాన్ని పట్టి ట్యూబులైటుకెత్తాను. పేగు తెగకుండా, నిండుగా ఉంది. అంగడామె నా మణికట్టు మీద ఒక్కటేసి అరిచింది. భాష తెలియకపోయినా, కొంటే కొను లేకుంటే చెయ్యి తియ్యమని అర్థమైంది. పక్క అంగడివాడు నవ్వాడు. తడి చేత్తోనే ఫోన్ తీసి, "పట్టెయ్ బావా" అని కొట్టాను.

నా మాట చేరేసరికి జబ్బు ముదిరి రొయ్యలు గట్టు వారకు వచ్చేశాయి. వల, ఐసు వచ్చేలోగా ఎర్రబడి, చచ్చి తేలాయి.

నేను తిరిగొచ్చాక మేతల అంగడి దగ్గర ఒకతను అడిగాడు. "మీ బావ నిద్రపోయినాడా అన్నా? గట్టు మీదుండి పేగు చూసుకోలేకపోయినాడే!"

"నాకేం తెలుసప్పా, ఆడ వాట్సాప్ కూడా రాదు" అన్నాను.

బావ పక్కనే ఉన్నాడు. తన మెసేజ్ నాకు సాయంత్రానికి గానీ చేరలేదనే ఆయనకు కూడా చెప్పాను. నమ్మాడు. గుంటలు వదిలేశాం. ఆయన్ను రొయ్య చూడమని పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. నేను మాత్రం ఆ అంగడి ముందు కూర్చుని చైనా కబుర్లు చెబుతూ వచ్చాను. బస్సులోంచి చూసిన గువాంగ్‌జౌ టవర్‌ను ఎక్కినట్టు కూడా చెప్పాను.

పోయిన నెల వాళ్ళింటికెళ్ళి బావకు ఉన్నదున్నట్టు చెప్పాను.

"పొద్దున్నే చదివినావా?"

"పొద్దున్నే."

"సిగ్నల్ లేదేమోనని మోటారు షెడ్డు పైకెక్కి నిలబడినాన్రా నేను."

అక్క లోపల గిన్నెలు సర్దడం ఆపేసింది.

"నాకు చెప్పి ఏం చేస్తావు?" అన్నాడు బావ. "నిద్రపోయినాడన్నోళ్ళు ఉండారు గదా. ఆళ్ళకు చెప్పు."

మర్నాడు మేతల అంగడికి వెళ్ళాను. "చైనా కథా అన్నా? టవర్ కాడ మొదలుపెట్టు" అన్నారు. మెట్రో దగ్గర మొదలుపెట్టాను. అయ్యేసరికి ఎవరూ నవ్వలేదు. ఆ రోజు నిద్ర మాట అన్నతను మాత్రం, "ఇన్నాళ్ళూ ఆయన నోరెత్తలేదే" అన్నాడు.

"ఆయనకూ తెలీదు. నేను దాచిపెట్టినా."

అతను టీ సగంలో పారబోసి బండి తీశాడు.

"యాడికి?"

"మా గుంటలో రొయ్య మేత సరిగ్గా తీసుకోవడంలా. మీ బావకు చూపిస్తా."

"నేనూ వస్తా ఉండు" అని లేచాను.

"నువ్వెందుకన్నా" అన్నాడు నా వైపు చూడకుండానే. "నువ్వుండులే."

బండి మైపాడు రోడ్డెక్కింది.