గమేలా పాట అందుకున్న సపన

ఎక్కడుంటావని ఎవరడిగినా సపన దగ్గర జవాబు తయారుగా ఉండేది: గ్రాంట్ రోడ్. రైలు దిగేది అక్కడే కాబట్టి అది అబద్ధం కూడా కాదు. కామాటిపుర తెలుగు చాళ్లలో, ఆ వరస గదుల కూలీ మేడల్లో, పుట్టిన పిల్లలందరికీ ఈ జవాబు వచ్చు. కొందరు నాగ్‌పాడా అంటారు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. ఒక్కసారి నిజం చెప్పి ఎదుటి మొహంలో ఆ నవ్వు చూస్తే చాలు, బతుకంతటికీ సరిపడా చదువు అబ్బుతుంది.

ఆ పేటకు పేరొచ్చింది రాళ్లు మోసి, సున్నం కలిపి ఈ నగరాన్ని లేపిన కామాటీల వల్ల. తర్వాత అక్కడికి ఇంకో వ్యాపారం దిగింది. ఆ వ్యాపారంలో చిక్కిన ఆడవాళ్లూ పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లే, వాళ్లను చూసి నవ్వే హక్కు ఎవరికీ లేదు. అయినా నగరం నవ్వుతుంది. మేడలు ఉంచుకుంది, మోసిన చేతులను మరిచిపోయింది, పేట పేరును బూతు చేసింది. కాలేజీలో ఒక స్నేహితురాలు సపన ఇంటి పేట తెలిసిన మర్నాటి నుంచి పక్క బెంచీకి మారింది. ఆ తర్వాత సపన ఇంకెవరికీ నిజం చెప్పలేదు.

తల్లి పొద్దున్నే వంటపనికి వెళ్లేది. సపనను పెంచింది నాయనమ్మ లక్ష్మవ్వ. పాలమూరు నుంచి పెళ్లికూతురిగా వచ్చి, మోకాళ్లు అరిగేదాకా కట్టుబడి పనుల్లో గమేలా మోసిన మనిషి. గమేలా అంటే సిమెంటు మాలు మోసే ఇనుప తట్ట. ఒక్క ఖోలీలో, అంటే ఇల్లంతా అయిన ఒంటి గదిలో, పై అరుగు మీద బల్బు కింద చదివి సపన లైబ్రరీ కోర్సు పూర్తి చేసింది. ఒక విశ్వవిద్యాలయం లైబ్రరీలో సహాయకురాలిగా చేరింది.

అక్కడ ఆమె పని చూసి తీరాలి. పెద్ద లైబ్రరీల అద్దాల తలుపులు కొందరిని చూడగానే బిగుసుకుంటాయి. చెప్పులు చూసి గార్డు ఆపుతాడు, మాట విని కౌంటరు విసుక్కుంటుంది. బస్తీ నుంచి కొత్తగా వచ్చిన పిల్ల ఎవరైనా తలుపు దగ్గర నిలబడిపోతే, సపన కౌంటరు వదిలి వెళ్లి చెయ్యి పట్టుకుని అరల దాకా నడిపించేది. చూపు లేని విద్యార్థుల కోసం స్వయంగా చదివి పాఠాలు రికార్డు చేసేది. ధారావి నుంచి వచ్చే రాధిక అనే పాలమూరు కూలీల బిడ్డను గార్డు మూడోసారి ఆపినప్పుడు, గార్డుతో కాదు, నేరుగా అధికారులతో తగువు పెట్టుకుంది. కార్డు ఉన్నవాళ్లను ఇంకేమీ అడగకూడదని నియమం వేయించేదాకా ఊరుకోలేదు. అందరికీ తలుపు తీసిన మనిషి తన ఇంటి తలుపు మాత్రం దాచుకుంది.

లైబ్రరీ పెద్ద ప్రధాన్ మేడం మంచి మనిషి. పుస్తకాల్లోకి ఎక్కని మనుషుల గొంతులు లైబ్రరీలో ఉండాలని ఆమె ఒక పని మొదలుపెట్టింది. బస్తీ వాళ్లూ లైబ్రరీ వాళ్లూ కలిసి కూర్చుంటారు. బస్తీ తన పాటలు, కథలు ఇస్తుంది. లైబ్రరీ వాటిని భద్రం చేస్తుంది, బస్తీ వాళ్లందరికీ చదువరుల కార్డులిస్తుంది. ఏ పేరుతో దాచాలో, ఎవరికి వినిపించాలో చెప్పే మాట మాత్రం బస్తీదే. ధారావిలో అది బాగా సాగింది.

"తర్వాత కామాటిపుర," అంది మేడం ఒక రోజు. "అక్కడి తెలుగు ఆడవాళ్ల పనిపాటలు. సపనా, నీకు తెలుగు వచ్చుగా, మాటలు నువ్వే మరాఠీలోకి మార్చి చెప్పాలి."

రికార్డింగు చూసే తుషార్ పకపకా నవ్వాడు. "కామాటిపురకా? మా ఇంట్లో ఏం చెప్పి రావాలి మేడం?"

సపన కూడా నవ్వింది. ఆ నవ్వు తర్వాత చాలా రోజులు ఆమెను కుట్టింది.

సాయంత్రం లక్ష్మవ్వ గడప దగ్గర ఎల్లిగడ్డలు ఒలుస్తోంది. సపన పక్కన చతికిలబడింది.

"అవ్వా, శనివారం మా మేడం వస్తది. మన చాల్‌కే. నీ పాటలు కావాల్నంట."

"రానియ్. చాయ్ పోస్త. నా మన్మరాలి సాహెబ్ అంటే నాకు దేవుడే."

"గదే వద్దంటున్న. నన్ను ఎరగనట్టు ఉండాలె."

లక్ష్మవ్వ చెయ్యి ఆగింది. "ఎట్లెరగనట్టు? పక్కింటి పిల్లనెరగనట్టా, పరాయి దేశపోల్లనెరగనట్టా?"

"మజాక్ వద్దవ్వా."

"మజాక్ నువ్వు చేస్తున్నవ్ బిడ్డా. ఈ చేతుల్తోని నీ ముడ్డి కడిగిన. ఎట్లెరగను?"

ఎదుటి ఖోలీ రత్నాబాయి తల బయట పెట్టింది. "ఒప్పుకో లక్ష్మవ్వా. గిది కొత్త ముచ్చటనా? నా కొడుకు అతుల్ వాల్ల సాహెబ్‌ను ఇంటికి తోల్కొచ్చిన్నాడు నేను వాని అమ్మనే కాలే. భాండీవాలీనైన. గిన్నెలు తోమి, సాహెబ్‌కు దండం పెట్టి పోయిన."

ఇద్దరు ముసలమ్మలూ విరగబడి నవ్వారు. సపన నవ్వలేకపోయింది.

శనివారం మేడం, తుషార్, సపన మెట్లెక్కి వచ్చారు. తుషార్ సంచిని గుండెకు హత్తుకుని నడిచాడు. లక్ష్మవ్వ కొత్త చీర కట్టింది. అరుగు నిండా ఆడవాళ్లు మొహాలు బిగబట్టి కూర్చున్నారు.

"రండ్రి, రండ్రి. ఏ ఊరు బిడ్డా నీది?" అని లక్ష్మవ్వ మనవరాలిని అడిగింది.

"గ్రాంట్ రోడ్."

"అబ్బో, దూరమే! ఎండల నడిచొచ్చినవా? నీల్లు తాగు."

వెనకెవరో చీర కొంగు నోట్లో కుక్కుకున్నారు.

"లగ్గమైందా?"

"కాలే."

"ఎందుకు కాలే? చెప్పనీకి ఇంట్ల పెద్దోల్లు లేరా?"

"ఉన్నరు."

"ఉన్నరా! ఉన్నరని యాదుంటే చాలు తీయ్."

సపన తాగుతున్న నీళ్లు గొంతుకు అడ్డం పడ్డాయి. మేడం ఏమీ తెలియక, లక్ష్మవ్వ పోసిన చాయ్ తాగుతూ చిరునవ్వుతో పాటల గురించి అడిగింది. లక్ష్మవ్వ లేచి మెట్ల వైపు చూపించింది.

"మాది కుర్సీల కూసోని పాడే పాట కాదు. మేడ కట్టేతప్పుడు మెట్టుకొక్కతి నిలవడ్తది. కిందికెల్లి పైకి గమేల చేతులు మారుతది. పైనున్నది పాట ఎత్తుకుంటది, కిందున్నోల్లు అందుకుంటరు. అందుకునేటోల్లు లేకుంటే గమేల కింద పడ్తది. పాట గూడ పడ్తది. నా పాట అందుకునేది గీ రత్నాబాయి."

పని మానేసినా పాట పోలేదు. చాల్‌లో నీళ్ల మోటారు చెడినప్పుడల్లా ఆడవాళ్లు అదే వరుసలో మెట్ల మీద నిలబడి బిందెలు అందించుకుంటారు, అదే పాట పాడతారు. చిన్నప్పటి నుంచీ ఆ వరుసలో సపనకూ ఒక మెట్టు ఉంది. ఆ సంగతి అరుగు మీద అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు.

చాల్‌లో గోల ఎక్కువ కాబట్టి పాటలు లైబ్రరీ హాల్లోనే తీసుకుందామని మేడం అంది. వాటిని ఏ పేరుతో దాచాలో అడగమంది. సపన అడిగింది.

"ఏం పేరుంటది? కామాటిపుర పాటలు. మా పేరు మీదనే ఊరున్నది కదా," అంది లక్ష్మవ్వ.

మేడం సపన వైపు తిరిగింది. సపన మరాఠీలో చెప్పింది: "గ్రాంట్ రోడ్ తెలుగు పాటలు అనమంటున్నారు."

"అదే నయం," అన్నాడు తుషార్.

కూలీలను పనిలో పెట్టే ముకద్దములతో, మేస్త్రీలతో, పాలవాళ్లతో మరాఠీలోనే బతికిన మనిషి లక్ష్మవ్వ. ఆమెకు ప్రతి అక్షరం అర్థమయింది. మనవరాలి మొహంలోకి చూసి, "బాగ చెప్పినవ్ బిడ్డా," అంది, అంతే. ఆ సాయంత్రం ఇంట్లో కూడా ఆ మాటెత్తలేదు. అన్నం పెట్టింది, పక్క పరిచింది. తిట్టి ఉంటే సపనకు నిద్ర పట్టేది.

అనుకున్న రోజు వచ్చింది. తెల్లవారుతూనే ధారావిలో కూతురికి నొప్పులు మొదలయ్యాయని రత్నాబాయి అటు పరుగెత్తింది. లక్ష్మవ్వ ఒక్కతే లైబ్రరీకి బయల్దేరింది. తలుపు దగ్గర గార్డు ఆపితే సపన వచ్చి, అందరికీ పట్టినట్టే చెయ్యి పట్టి లోపలికి నడిపించింది. బయటివాళ్ల చెయ్యిలా పట్టుకోవాలని చూసింది. వేళ్లు మాట వినలేదు.

లక్ష్మవ్వ హాల్లో ఆగి గోడ పూతను అరచేత్తో నిమిరింది. "గిలాబు మంచిగ జేసిండ్రు," అని, గోడకు కట్టిన గుడ్డ మీది అక్షరాలు చూపించి తుషార్‌ను హిందీలో అడిగింది, ఏం రాశారని. తుషార్ చదివి చెప్పాడు: గ్రాంట్ రోడ్ తెలుగు పాటలు. ఆమె తల ఊపింది. వేసిన కుర్చీలో కూర్చోలేదు. పై అంతస్తు పుస్తకాలకు వెళ్లే ఇనుప మెట్ల మీద నాలుగు మెట్లెక్కి నిలబడింది. చదువుకునే పిల్లలు తలలెత్తారు. తుషార్ మైకు సరిచేశాడు.

"మెట్టు మెట్టు ఎక్కె గమేల, యాడికి బోతదే?"

గొంతు ముసలిదే. అయినా ఆ ఎత్తైన కప్పు దాకా వెళ్లింది. వెళ్లి, ఆగింది. లక్ష్మవ్వ రెండు చేతులూ కిందికి చాపి అలాగే నిలబడింది.

"మర్చిపోయింది పాపం," అన్నాడు తుషార్.

మేడం కనుక్కోమని సైగ చేసింది. సపన మెట్ల దగ్గరికి వెళ్లింది.

"మర్చిపోలే బిడ్డా," అంది లక్ష్మవ్వ. "అందుకునేటోల్లు లేరు. నాకు ఎరుకున్నోల్లు ఈడ ఎవ్వరున్నరు?"

ఎరగనట్టు ఉండటానికి ఒప్పుకుంది, ఆ మాట నిలబెట్టుకుంటోంది. మళ్లీ అదే చరణం ఎత్తుకుంది. మళ్లీ ఆగింది. చేతులు చాచే ఉంచింది. హాల్లో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు. తుషార్ మైకు కట్టేయడానికి లేచాడు.

ఇప్పుడు నోరు తెరిస్తే ఇన్నేళ్ల గ్రాంట్ రోడ్ ఒక్క క్షణంలో కూలిపోతుంది. ఆ నవ్వు రేపటి నుంచి క్యాంటీన్లో ఉంటుంది, వరండాలో ఉంటుంది. తెరవకపోతే ఆ చేతులు దిగిపోతాయి, ఆ పాట ఈ గడప ఇంకెప్పుడూ తొక్కదు. సపన ఇంకేమీ ఆలోచించలేదని చెబితే గొప్పగా ఉంటుంది గాని, ఆలోచించింది. భయపడింది. భయపడుతూనే చెప్పులు విడిచి కింది మెట్టు మీద కాలు పెట్టింది. నిండు బిందె అందించేటప్పుడు ఎలా చాస్తుందో అలా చేతులు పైకి చాచింది.

"మబ్బుకాడికి బోతదక్కా, మనకాడికి రాదక్కా!"

లక్ష్మవ్వ కళ్లు ఒక్కసారి మూసి తెరిచింది. తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు.

"మేడ మీద మేడ లేసె, మేడ ఎవ్వరిదే?"

"మోసినోల్లది కాదక్కా, చూసినోల్లదక్కా!"

ఖాళీ చేతులు లేని బరువును కింది నుంచి పైకి అందిస్తున్నాయి. అటుగా వచ్చిన రాధికా పాలమూరు పిల్లే. చేతిలో పుస్తకాలు బల్ల మీద పడేసి మధ్య మెట్టెక్కింది. నిశ్శబ్దం పాటించండి అని రాసిన పలక కిందే ముగ్గురి గొంతూ మోగింది.

పాట అయ్యాక ప్రధాన్ మేడం, "నీకిది ముందే తెలుసా?" అని అడిగింది.

"ఈమె మా నాయనమ్మ," అంది సపన మరాఠీలో, తుషార్‌కూ గార్డుకూ వినబడేలా. "మా ఇల్లు కామాటిపుర. మీరు ఆ రోజు చాయ్ తాగింది మా ఇంట్లోనే. పాటల పేరు నేను తప్పు చెప్పాను మేడం. ఆమె కామాటిపుర పాటలనే అంది."

తుషార్ వైర్లు చుట్టుకుంటూ ఉండిపోయాడు. మేడం గోడ మీది గుడ్డ దగ్గరికి వెళ్లి తనే ఒక కొస విప్పింది. రెండో కొస సపన విప్పింది.

లోకం ఆ రోజుతో బాగుపడలేదు. క్యాంటీన్లో నవ్వేవాళ్లు నవ్వారు. సపన టీ కప్పు పట్టుకుని వాళ్ల బల్ల దగ్గరే కూర్చుంది. రోజూ కూర్చుంది. నవ్వు పాతబడిపోయింది. ఇప్పుడు ఆ లైబ్రరీలో కామాటిపుర పాటలు అని ఒక అర ఉంది, శనివారాలు మెట్లెక్కి వచ్చే తెలుగు ఆడవాళ్లున్నారు, వాళ్లను చూసి లేచి తలుపు తీసే గార్డున్నాడు. ఎక్కడుంటావని అడిగితే సపన అడిగినవాడి కళ్లలోకి చూసి పేట పేరు చెబుతుంది, అతను చూపు తిప్పేదాకా చూస్తుంది.

ఆ రోజు మాత్రం ఇద్దరూ లైబ్రరీ మెట్లు దిగుతుంటే లక్ష్మవ్వ మనవరాలి భుజం మీద బరువంతా వేసి ఆగింది.

"ఇగో పిల్లా, ఇంక నిన్ను ఎరగనట్టు ఉండాల్నా, వద్దా? జల్ది జెప్పు. నాకు ఆకలైతుంది."

"వద్దవ్వా."

"అయితే పద. రత్నాబాయి బిడ్డకు ఆడపిల్లో మొగపిల్లగాడో అడుగుదాం, ఫోన్ కొట్టు."